చీటియు పుస్తకమును

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన నొక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు నన్ను కోరినప్పుడు, పిల్లలకు నిజముగా ఉపయోగపడు విషయమేదియా యని కొంతకాలము యోచించితిని. ఉపాధ్యాయునకు తన విజయములను గూర్చి వ్రాయుట సులభము. తన పొరపాటును గూర్చి వ్రాయుట కష్టము. అయినను విద్యార్థులకు దానివలననే మేలు హెచ్చు. కావున అయిదు సంవత్సరముల క్రిందట నేను కంప్యూటరు గదిలో చేసిన యొక పొరపాటును, దానివలన మనము పోగొట్టుకొనిన యొక వస్తువును, పిమ్మట నేను నేర్చుకొనిన పాఠమును దాచక యిచ్చట వ్రాయుచున్నాను.

మొదట గ్రంథాలయమునుండి యొక యుపమానము చెప్పెదను. పెద్ద దేశపటముల పుస్తకము బీరువా అరలో పట్టదు. అందుచేత దానిని హెడ్మాస్టరుగారి గదిలో నుంచి, అరలో దాని స్థానమున ఒక చీటి నిలుపుదురు. ఆ చీటిమీద ‘ఈ పుస్తకము హెడ్మాస్టరుగారి గదిలో పెద్ద బల్లమీద కలదు’ అని వ్రాసియుండును. పిల్లవాడు చీటిని చూచి, అచ్చటికి పోయి, పుస్తకమును చదివికొనును. చీటి తన పనిని చక్కగా చేసినది. ఇప్పుడు ఎవరో ఆ బీరువాలోని పుస్తకములన్నిటిని పెట్టెలో సర్ది మరియొక యూరికి పంపిరనుకొనుడు. పెట్టెలోనికి చీటి పోవును, పుస్తకము పోదు. ఆ యూరివారు చీటిని చదివి, తమకు లేని గదిలో, లేని బల్లమీద పుస్తకమును వెదకవలసినదే.

కంప్యూటరులో సరిగా ఇట్టి చీటియే యొకటి కలదు. దానిని సింబాలిక్ లింకు అందురు. నేను ఈ వ్యాసమున దానిని చీటి యనియే పిలిచెదను. చూచుటకు అది మామూలు ఫైలువలెనే యుండును. తెరువబోయినచో తెరుచుకొనును. కాని దానిలో నున్నది అసలు సమాచారము కాదు. అసలు ఫైలు ఎచ్చట నున్నదో తెలుపు దారి మాత్రమే. యూనిక్సు వంశమునకు చెందిన కంప్యూటరు వ్యవస్థలలో ఈ సౌకర్యము 1983లో వెలువడిన 4.2 బి.ఎస్.డి. తో బాగుగా వ్యాపించినది. నేడు మన కంప్యూటరు గదిలో నున్న లినక్సులోను ఇది నిత్యము వాడబడుచున్నది.

ఇక పెట్టెను గూర్చి. అనేక ఫైళ్లను ఒక్క కట్టగా కట్టు పనిముట్టునకు టార్ అని పేరు. సమాచారమును అయస్కాంతపు టేపుల మీద దాచుకొను దినములలో పుట్టినది గనుక దాని పేరులో టేపు నేటికిని మిగిలియున్నది. 1979లో వెలువడిన ఏడవ యూనిక్సు కూర్పులోనే అది యుండెను. టార్ కట్ట కట్టునే గాని కుదింపదు. కుదించు పని జీజిప్ అను వేరొక పనిముట్టుది. ఇది 1992లో వెలువడినది. ఈ రెండును కలిసి పనిచేసినప్పుడు మనకు కుదింపబడిన కట్ట లభించును. మౌసుతో బొమ్మలను నొక్కుటకు బదులు, నల్లని తెరమీద ఆజ్ఞను అక్షరములలో వ్రాసి ఈ పని చేయించుట వాడుక.

ఇప్పుడు నా కథకు వచ్చెదను. ఆ సంవత్సరమున మన పాఠశాలతో సంబంధము గల వృద్ధుల జ్ఞాపకములను వారి కంఠస్వరముతోనే భద్రపరుపవలెనని మేము సంకల్పించితిమి. తొమ్మిదవ తరగతి పిల్లలు చిన్న రికార్డరునొకదానిని చేతబట్టుకొని ఇల్లిల్లు తిరిగిరి. విశ్రాంతి తీసికొనుచున్న ఉపాధ్యాయులు, పాత విద్యార్థులు, ఒక వడ్రంగి, ఒక గంటకొట్టు బంట్రోతు, ఇట్లు 14 మంది మాటలాడిరి. మొత్తము ఏడు గంటల సంభాషణము చేకూరినది. దీనితోపాటు పాత ఛాయాచిత్రములు 260 వరకు స్కాను చేసితిమి.

ఆ పదునలుగురిలో ఒకరు మన వసతిగృహమున చిరకాలము వంటచేసిన పెద్దమ్మగారు. ఆమెకు అప్పటికి ఎనుబది యేండ్లు దాటెను. ఆమెకు చదువు రాదు; కాని జ్ఞాపకశక్తి మెండు. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ముంచిన ఉప్పెన తరువాత, ఇల్లు వాకిలి పోయి వచ్చినవారికి మన వసతిగృహపు వంటశాలలో ఎన్ని దినములు గంజి కాచినదియు, తడిసిన కట్టెలు మండక ఎంత కష్టపడినదియు, పిల్లలు బారులు తీరి నీరు మోసినదియు ఆమె ఏబది నిమిషములు చెప్పెను. ఆమె మాటలను రికార్డు చేసిన బాలుడు మితభాషి. ఆ దినమున తిరిగివచ్చి, ‘మాస్టరుగారూ, పెద్దమ్మగారు మధ్యలో ఏడ్చినారండి. నేను ఆపలేదండి. తప్పా?’ అని నన్నడిగెను. తప్పు కాదు నాయనా యని చెప్పితిని.

ఈ స్వరములను కుదింపని రూపమున దాచితిమి. నిమిషమునకు సుమారు 10 మెగాబైట్ల వంతున అవి నాలుగు గిగాబైట్లకు మించెను. కంప్యూటరులో చోటు చాలలేదు. ఒక విద్యార్థి తండ్రిగారు దయతో తమ హార్డు డిస్కును రెండు నెలలకు ఎరువిచ్చిరి. స్వరములను ఆ డిస్కులో నుంచి, ఛాయాచిత్రములున్న మా ఫోల్డరులో ఒక్కొక్క స్వరమునకు ఒక్కొక్క చీటి పెట్టితిని. దీనికి ‘ఎల్ ఎన్’ అను ఆజ్ఞకు అడ్డగీతయు ‘ఎస్’ అను అక్షరమును చేర్చిన చాలును. ఇట్లు చేయుటవలన పిల్లలకు అన్నియు ఒక్కచోటనే యున్నట్లు కనబడెను. నేనును క్రమముగా అట్లే యనుకొనసాగితిని.

హైదరాబాదులో నివసించు పాత విద్యార్థులు తమ సమావేశమున ప్రదర్శించుటకు ఈ ఫోల్డరును పంపుమని కోరిరి. నేను తెరముందు కూర్చుండి, ‘టార్’ అని వ్రాసి, అడ్డగీత పెట్టి, ‘సి, జెడ్, ఎఫ్’ అను మూడక్షరములను చేర్చితిని. మొదటి యక్షరము కట్ట కట్టుమనియు, రెండవది కుదింపుమనియు, మూడవది దాని తరువాత వచ్చు పేరుతో ఫైలుగా వ్రాయుమనియు చెప్పును. పిమ్మట కట్ట పేరును, ఫోల్డరు పేరును వ్రాసితిని. నా వద్ద నున్న పెన్‌డ్రైవు నాలుగు గిగాబైట్లది. అందులో పట్టునో పట్టదో యని సందేహించుచుంటిని. తీరా చూడగా కట్ట 200 మెగాబైట్లే యుండెను. నా సంతోషమునకు మేర లేదు.

ఆ బాలుడు నా ప్రక్కనే నిలిచియుండెను. అతడు మెల్లగా, ‘మాస్టరుగారూ, నాలుగు గిగాబైట్లు రెండువందల మెగాబైట్లు ఎట్లయినవండి? ఫోటోలే రెండువందలు ఉన్నవి గదండి?’ అనెను. ఎంత చక్కని ప్రశ్న! లెక్కల తరగతిలో ఇట్టి ప్రశ్న వేసిన పిల్లవానిని నేను మెచ్చుకొనియుందును. కాని ఆ వేళ బస్సుకు ఆలస్యమగుచుండెను. ‘కుదించుట యనిన అదే నాయనా, ఇది గొప్ప పనిముట్టు’ అని చెప్పి అతనిని పంపివేసితిని. కంఠస్వరము అంతగా కుదింపబడదని నాకు తెలియకపోలేదు. తెలిసినదానిని ఆ క్షణమున జ్ఞాపకము చేసికొనుటకు నాకు ఇష్టము లేకపోయెను.

నేను పరీక్షింపకుండ పంపితినని తలంపవలదు. పరీక్షించితిని. అదే కంప్యూటరులో క్రొత్త ఫోల్డరొకటి చేసి, కట్టను అందులో విప్పి, పెద్దమ్మగారి పేరుమీద నొక్కితిని. ఆమె కంఠము స్పష్టముగా వినబడెను. రెండు మూడు ఇతర స్వరములును వింటిని. అంతయు సరిగా నున్నదని మనసు కుదుటపరచుకొని, పెన్‌డ్రైవును పంపి, వారము దినములలో డిస్కును దాని యజమానికి ఒప్పగించితిని. రికార్డరులోని కార్డును ప్రతి సంభాషణము తరువాతను మేమే తుడిచివేయుచుంటిమి.

మూడు వారములకు హైదరాబాదునుండి కబురు వచ్చినది. ఛాయాచిత్రములన్నియు చక్కగా నున్నవి. స్వరములకు పేర్లు మాత్రము కలవు, ఒక్కటియు పలుకుటలేదని వారు తెలియజేసిరి. మా కంప్యూటరులో చూచితిని. ఇచ్చటను పలుకలేదు. వెంటనే డిస్కు యజమానిగారి యింటికి పోయితిని. వారు, తమకు చెప్పిన గడువు తీరినది గనుక డిస్కును పూర్తిగా తుడిచి, తమ వ్యాపారపు లెక్కలు నింపుకొనిరి. వారియందు దోషమేమియు లేదు.

జరిగినదేమనగా, టార్ నా ఫోల్డరులోని చీటులను చీటులుగానే కట్టెను. అసలు ఫైళ్లను తాకనేలేదు. పదునాలుగు స్వరములకు బదులు పదునాలుగు చీటులు, ఒక్కొక్కటి 512 బైట్ల శీర్షికగా, కట్టలో చేరినవి. మరి నేను పరీక్షించినప్పుడు స్వరము ఎట్లు వినబడెను? కట్టనుండి బయటపడిన చీటి, ఇంకను కంప్యూటరునకు తగిలించియున్న డిస్కును చూపెను. నేను వినినది కట్టలోని స్వరము కాదు, డిస్కులోని స్వరమే. పుస్తకమున్న యింటిలోనే నిలిచి చీటిని పరీక్షించినవాడు, చీటి పుస్తకమును చూపుచున్నదని సంతోషించునే గాని, పుస్తకము పెట్టెలో లేదని యెరుగడు.

కొందరు పిల్లలు తమ ఫోనులలో కూడ విడిగా రికార్డు చేసికొనియుండిరి. అట్లు అయిదు స్వరములు దొరకినవి. మిగిలిన తొమ్మిదిమందిలో ఎనమండుగురిని మరల దర్శించి, సంగతి విన్నవించి, మరల చెప్పుమని వేడుకొంటిమి. వారు కోపింపక చెప్పిరి. కాని రెండవమారు చెప్పిన మాటలో మొదటిసారి యున్న తొందరయు తడబాటును లేవు. తొమ్మిదవవారు పెద్దమ్మగారు. హైదరాబాదు కబురు వచ్చుటకు ఆరు దినముల ముందే ఆమె కాలము చేసిరి.

దీనికి టార్‌ను నిందింపదగునా? తగదు. కొంతకాలము నేనును నిందించితిని గాని, ఆలోచింపగా దాని పద్ధతి న్యాయమైనదని తెలిసినది. లినక్సులో ఒక్కొక్క ఉమ్మడి గ్రంథాలయ ఫైలునకు కూర్పు సంఖ్యతో ఒక పేరును, సంఖ్య లేక మరియొక పేరును ఉండును. రెండవది మొదటిదానికి చీటియే. మొత్తము వ్యవస్థకు ప్రతి తీసికొనునప్పుడు చీటి చీటిగానే యుండవలెను. అట్లు గాక ప్రతి చీటి స్థానమున అసలు ఫైలు చేరినచో, తిరిగి విప్పినప్పుడు ఆ వ్యవస్థ మునుపటి వ్యవస్థ కాదు. ఉన్నదానిని ఉన్నట్లు కట్టుమని నేను చెప్పితిని. అది అట్లే చేసినది. నాకు కావలసినది వేరు. ఆ వేరును నేను మాటలలో చెప్పలేదు.

జిప్ అను పనిముట్టు దీనికి వ్యతిరేకముగా నడచును. మనమేమియు చెప్పనిచో అది చీటి వెంబడి పోయి అసలు ఫైలునే తెచ్చి కట్టలో నుంచును. చీటిని చీటిగా నుంచవలెనన్న, అడ్డగీత పెట్టి ‘వై’ అను అక్షరమును చేర్చవలెను. కనుక ఒక పనిముట్టుతో అలవాటైనవారు రెండవదానితోను అదే ఫలితము కలుగునని నమ్మరాదు. జిప్ పద్ధతిలోను చిక్కులు లేకపోలేదు. ఒకే ఫైలునకు మూడు చీటులున్నచో దాని ప్రతులు మూడును విడివిడిగా చేరి కట్ట బరువెక్కును. ఒక ఫోల్డరులోని చీటి ఆ ఫోల్డరునే చూపుచున్నచో, వెంబడించువాడు గానుగెద్దువలె తిరుగుచుండును. ఒకే దారిలో నలుబది చీటులు దాటిన పిమ్మట లినక్సు ఇక చాలునని నిలిపివేయును.

టార్‌తోనే అసలు ఫైళ్లను కట్టింపవలెనన్న దారి సులభము. ఆజ్ఞలో ‘హెచ్’ అను అక్షరమును చేర్చిన చాలును. అప్పుడు టార్ చీటిని వెంబడించును. కాని ఒక జాగ్రత్త. అడ్డగీతతో వ్రాయునప్పుడు ‘ఎఫ్’ తరువాత వచ్చునది కట్ట పేరని టార్ గ్రహించును. అందుచేత ‘హెచ్’ ను ‘ఎఫ్’ కు ముందే వ్రాయవలెను. వెనుక వ్రాసినచో హెచ్ అను పేరుగల ఫైలును చేయబోవును. ఇట్లు వెంబడించునప్పుడు ఏదైన చీటి గమ్యము అచ్చట లేనిచో టార్ తెరమీద హెచ్చరిక వ్రాయును. ఆ హెచ్చరికలను చదువక తెరను మూసివేయు అలవాటు మనలో చాలమందికి కలదు. అది మానవలెను.

చీటి వ్రాయుటలోను రెండు విధములు కలవు. ‘ఫలాని యూరిలో, ఫలాని వీథిలో’ అని మొదటినుండి పూర్తిగా దారి వ్రాయుట యొకటి. ‘ఈ అరకు క్రింది అరలో’ అని చీటి యున్న చోటినుండి దారి చెప్పుట రెండవది. మొదటిది బీరువా కదలనంతవరకే పనిచేయును. రెండవది, చీటియు పుస్తకమును ఒకే బీరువాలో నున్నచో, ఆ బీరువాను ఎచ్చటికి మోసికొనిపోయినను పనిచేయును. అయితే ఈ రెండవ విధమున దారిని చీటి యుండబోవు ఫోల్డరునుండి లెక్కింపవలెనే గాని, ఆజ్ఞ వ్రాయునప్పుడు మనము నిలిచియున్న ఫోల్డరునుండి కాదు. నేర్చుకొనువారు ఇచ్చటనే తరచుగా తప్పుదురు. నేను వ్రాసినవి మొదటి విధపు చీటులు. అవి మరియొకరి డిస్కును చూపెను.

ఇప్పుడు మా కంప్యూటరు గదిలో గోడమీద నాలుగు సూత్రములు వ్రాసియున్నవి. ఒకటి: కట్టకు ముందు ‘ఫైండ్’ అను ఆజ్ఞతో, ‘టైప్ ఎల్’ అని చేర్చి, ఆ ఫోల్డరులో చీటులెన్ని యున్నవో చూడుము. రెండు: కట్టిన పిమ్మట ‘టార్’ ఆజ్ఞకు ‘టి, వి, ఎఫ్’ అక్షరములు చేర్చి లోపలి పట్టిక చదువుము, ఏ వరుస మొదట ‘ఎల్’ అను అక్షరమును, పేరు తరువాత బాణపు గుర్తును ఉన్నవో, అది చీటి యని తెలిసికొనుము. మూడు: కట్ట పరిమాణమును అసలు పరిమాణముతో సరిపోల్చుము, మితిమీరిన లాభమును అనుమానింపుము. నాలుగు: కట్టను వేరొక కంప్యూటరులో, అసలు డిస్కు దరిదాపుల లేనిచోట విప్పి చూచిన పిమ్మటనే, అసలు ప్రతిని విడిచిపెట్టుము.

మూడవ సూత్రము ఆ బాలునిదే. కబురు వచ్చిన మరునాడు నేను తరగతి యెదుట నిలిచి, ‘ఇతడు సరియైన ప్రశ్న వేసెను; నేను వినలేదు; తప్పు నాది’ అని చెప్పితిని. అతడు తల యెత్తలేదు. సాయంకాలము నా బల్లమీద ఒక నోటుపుస్తకము నుంచి వెడలిపోయెను. పెద్దమ్మగారు చెప్పినది చెప్పినట్లు రెండు పుటలు, పెన్సిలుతో, ఆ దినముననే అతడు వ్రాసికొనియుండెను. గంజి కాచిన దినముల లెక్క అందులో కలదు. తడి కట్టెల సంగతియు కలదు. ఒకచోట వరుస మధ్యలో ఆపి, ‘ఇక్కడ ఊరుకున్నారు’ అని మాత్రము వ్రాసియుండెను. ఆ రెండు పుటలను ఇప్పుడు మన గ్రంథాలయములో భద్రపరచియున్నాము. అవి ఆమె స్వరము కావు. అయినను చీటికంటె చాల మేలు.

బాలబాలికలారా, మీలో పలువురు ముందు ముందు కంప్యూటరులతో పనిచేయుదురు. తల్లిదండ్రులారా, మీ యిండ్లలోను పెండ్లి ఫోటోలు, పెద్దల మాటలు ఫోనులలోను డిస్కులలోను దాచబడియున్నవి. పేరు కనబడినంతమాత్రమున వస్తువు కలదని నమ్మకుడు. పెట్టెను మూయుటకు ముందు ఒక్కసారి తెరచి, లోపల నున్నది పుస్తకమో చీటియో చూడుడు. ప్రక్కన నిలిచిన పిల్లవాడు ‘ఇంత తక్కువేమి?’ అని యడిగినచో, బస్సు పోయినను సరే, ఆగి సమాధానము వెదకుడు.